పైథాన్‌లో ఇంపోర్ట్ ఎలా చేయాలి, ఏ పేరు ఎక్కడిదాకా కనిపిస్తుంది

"ఫైల్ పక్కనే ఉంది, అయినా మాడ్యూల్ దొరకలేదంటోంది." "పిప్‌తో ఇన్‌స్టాల్ చేశాను, అయినా లేదంటోంది." "ఆ ఫైల్‌లో విలువ మార్చాను, ఇక్కడ మారలేదు." పైథాన్ నేర్చుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఇవే. ఒక్కోదానికి విడిగా జవాబు చెప్పే బదులు ఒక చిన్న ప్రోగ్రామ్ పెట్టుకుని మొదటినుంచీ చేసుకుంటూ పోదాం. చదివి వదిలేయకండి, పక్కన టైప్ చేస్తూ రండి. కావాలనే కొన్ని తప్పులు చేయిస్తాను, ఎర్రర్ ముఖం ఎలా ఉంటుందో తెలిస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

సిద్ధాంతం ఒక్క ముక్కే చెబుతాను. ఇంపోర్ట్ చేసే పనులు రెండు. ఒకటి, మీరు అడిగిన ఫైల్‌ను (దీన్నే మాడ్యూల్ అంటారు) వెతికి పట్టుకుని పైనుంచి కిందిదాకా ఒక్కసారి నడుపుతుంది. రెండు, మీ ఫైల్‌లో ఒక పేరు పెడుతుంది. అంతే. ఆ ఫైల్‌లోని కోడ్‌ను తెచ్చి మీ ఫైల్‌లో అతికించదు. సీ భాషలో ఇన్‌క్లూడ్ అలవాటైనవాళ్లు దీన్నీ అలాగే అనుకుని ఇబ్బంది పడతారు.

కావాల్సినవి

- పైథాన్ 3. కనీసం 3.8 ఉంటే మంచిది, ఎర్రర్ మెసేజ్‌లు కాస్త అర్థమయ్యేలా ఉంటాయి. 3.13లో ఇంకా మెరుగుపడ్డాయి.
- ఏదో ఒక ఎడిటర్, ఒక టెర్మినల్. ఎడిటర్‌లో ఉండే రన్ బటన్ మీద ఆధారపడకండి. అది ఏ ఫోల్డర్‌లోంచి, ఏ పైథాన్‌తో నడుపుతుందో మీకు కనిపించదు.
- ఒక ఖాళీ ఫోల్డర్.
- విండోస్ వాడేవాళ్లు ఫైల్ పేర్ల చివర ఎక్స్‌టెన్షన్ కనిపించేలా సెట్టింగ్ మార్చుకోండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే డాట్ పీవై తర్వాత డాట్ టీఎక్స్‌టీ కూడా చేరి, అది కంటికి కనబడక గంటలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అక్షరాల గురించి ఒక మాట. ఇంపోర్ట్, ఫ్రమ్, యాజ్, డెఫ్, రిటర్న్, ప్రింట్, గ్లోబల్ లాంటివి పైథాన్ సొంత మాటలు. ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. మన ఫైళ్లకు, ఫంక్షన్లకు పెట్టిన తెలుగు పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే కొట్టొచ్చు, పైథాన్ 3 వాటిని ఒప్పుకుంటుంది. ఒక్క జాగ్రత్త: తెలుగు కీబోర్డులు పొల్లు అక్షరం తర్వాత వత్తు పడకుండా కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తుంటాయి, "సాఫ్ట్‌వేర్"లో ట్ తర్వాత ఉన్నది అదే. పేరులో అది దూరితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. ఉద్యోగంలో రాసే కోడ్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల పేర్లే పెట్టండి.

1. రెండు ఫైళ్లు పెట్టండి, ఒకదాన్ని ఇంకొకదానిలోకి పిలవండి

ఖాళీ ఫోల్డర్‌లో "పన్ను" అనే ఫైల్ తయారు చేయండి. చివర డాట్ పీవై ఉండాలి, ఇకపై ప్రతిసారీ చెప్పను.

    శాతం = 5

    డెఫ్ లెక్కించు(మొత్తం):
        రిటర్న్ మొత్తం * శాతం / 100

పక్కనే "బిల్లు" అనే ఫైల్.

    ఇంపోర్ట్ పన్ను
    ప్రింట్(పన్ను.లెక్కించు(400))

టెర్మినల్‌లో బిల్లు ఫైల్‌ను నడపండి. 20.0 వస్తే అంతా బాగున్నట్టే.

ఇంపోర్ట్ లైన్‌లో ఫైల్ పేరు చివర డాట్ పీవై రాయకూడదు. రాస్తే "పన్ను అనేది ప్యాకేజీ కాదు" అన్న ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే చుక్కను చూసి పైథాన్ పన్ను అనే ఫోల్డర్‌లో పీవై అనే ఫైల్ కోసం వెతుకుతుంది. ఫైల్ పేరులో హైఫన్, ఖాళీ ఉండకూడదు, మొదటి అక్షరం అంకె కాకూడదు. అండర్‌స్కోర్ పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు పేర్లయితే పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా లెక్కే. విండోస్ ఫైల్ పేర్లలో ఆ తేడా పట్టించుకోదు కానీ ఇంపోర్ట్ చేసేటప్పుడు పైథాన్ పట్టించుకుంటుంది.

2. పేరు ఎవరిదో తేల్చుకోండి

అసలు తిరకాసు ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చేయండి. బిల్లు ఫైల్‌ను ఇలా మార్చండి.

    ఫ్రమ్ పన్ను ఇంపోర్ట్ శాతం, లెక్కించు
    శాతం = 18
    ప్రింట్(లెక్కించు(400))

నడిపే ముందు జవాబు ఊహించండి. చాలామంది 72 అంటారు. వచ్చేది 20.0 మాత్రమే.

కారణం ఇది. ఫ్రమ్‌తో తెచ్చుకున్నప్పుడు, పన్ను ఫైల్‌లో శాతం అనే పేరు ఆ క్షణంలో ఏ విలువను చూపిస్తోందో, అదే విలువకు మీ బిల్లు ఫైల్‌లో మరో పేరు పుడుతుంది. రెండు పేర్లు, రెండు చోట్ల. మీరు 18 పెట్టింది మీ ఫైల్‌లోని పేరుకి. లెక్కించు అనే ఫంక్షన్ పుట్టింది పన్ను ఫైల్‌లో, కాబట్టి శాతం కోసం అది తన సొంత ఫైల్‌లోనే వెతుకుతుంది. ఎవరు పిలిచారు, ఎక్కడినుంచి పిలిచారు అన్నది దానికి అక్కర్లేదు.

ఇప్పుడు ఇలా మార్చి చూడండి.

    ఇంపోర్ట్ పన్ను
    పన్ను.శాతం = 18
    ప్రింట్(పన్ను.లెక్కించు(400))

ఈసారి 72.0. చుక్క పెట్టి రాశారు కాబట్టి నేరుగా పన్ను ఫైల్‌లోని పేరునే మార్చారు.

మరి లిస్టులు, డిక్షనరీల సంగతి? పన్ను ఫైల్‌లో ధరలు అనే డిక్షనరీ ఉందనుకోండి. దాన్ని ఫ్రమ్‌తో తెచ్చుకుని అందులో బియ్యం ధర మార్చారు. అప్పుడు అన్ని ఫైళ్లలోనూ మారిన ధరే కనిపిస్తుంది, ఎందుకంటే పేర్లు రెండైనా అవి చూపిస్తున్న డిక్షనరీ ఒక్కటే. అదే "ధరలు = కొత్త డిక్షనరీ" అని రాస్తే మీ ఫైల్‌లో మాత్రమే మారుతుంది. లోపలి సరుకు మార్చడం వేరు, పేరుకి కొత్త వస్తువు తగిలించడం వేరు. అనుమానం వస్తే రెండు వైపులా ఐడీ ఫంక్షన్‌తో ప్రింట్ చేసి చూడండి, ఒకే నంబర్ వస్తే ఒకే వస్తువు.

నా సలహా: నడుస్తుండగా మారే సెట్టింగుల్లాంటివి ఎప్పుడూ ఫ్రమ్‌తో తెచ్చుకోకండి, ఫైల్ పేరు, చుక్క పెట్టి వాడండి. ఫంక్షన్లు, క్లాసులు మధ్యలో మారవు కాబట్టి ఫ్రమ్‌తో తెచ్చుకున్నా ఇబ్బంది లేదు. పేరు పొడుగ్గా ఉంటే యాజ్ వాడి పొట్టిపేరు పెట్టుకోండి.

గ్లోబల్ అన్న మాట మీద కూడా ఇలాంటి అపోహే ఉంది. పైథాన్‌లో గ్లోబల్ అంటే ప్రోగ్రామ్ మొత్తానికి కాదు, ఆ ఒక్క ఫైల్‌కే. బిల్లు ఫైల్‌లోని ఫంక్షన్‌లో "గ్లోబల్ శాతం" అని రాసినంత మాత్రాన పన్ను ఫైల్‌లోని శాతం చేతికి రాదు. ఇంకో సంగతి, ఫంక్షన్ లోపల ఒక పేరుకి ఎక్కడైనా విలువ పెడితే ఆ ఫంక్షన్ మొత్తంలో అది లోకల్ పేరే అవుతుంది. అందుకే "శాతం = శాతం + 1" అని లోపల రాస్తే అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్ వస్తుంది, పైన ఫైల్‌లో శాతం ఉన్నా సరే.

3. స్టార్‌తో తెచ్చుకోవడం మానేయండి

"ఫ్రమ్ పన్ను ఇంపోర్ట్ *" అంటే అండర్‌స్కోర్‌తో మొదలుకాని పేర్లన్నీ వచ్చి మీ ఫైల్‌లో పడతాయి. పన్ను ఫైల్ తన అవసరం కోసం మ్యాథ్‌ను ఇంపోర్ట్ చేసుకుని ఉంటే ఆ పేరు కూడా వచ్చేస్తుంది. రెండు ఫైళ్లనుంచి ఇలా తెచ్చుకుంటే, ఒకే పేరు రెండింటిలో ఉన్నప్పుడు తర్వాత వచ్చినదే నిలుస్తుంది, ముందుది చెప్పాపెట్టకుండా పోతుంది. ఎర్రర్ రాదు, లెక్క తప్పుతుంది. టెర్మినల్‌లో ఏదో ప్రయత్నించి చూసేటప్పుడు తప్ప నేనైతే వాడను.

4. ఫైల్ నడిచేది ఒక్కసారే అని చూసుకోండి

పన్ను ఫైల్ చివర ఈ రెండు లైన్లు చేర్చండి.

    ప్రింట్("పన్ను ఫైల్ నడిచింది")
    ప్రింట్(లెక్కించు(1000))

బిల్లు ఫైల్‌లో ఇంపోర్ట్ పన్ను అని మూడు సార్లు రాయండి. నడిపితే ఆ ప్రింట్లు ఒక్కసారే వస్తాయి. మొదటిసారి నడిపాక పైథాన్ దాన్ని సిస్.మాడ్యూల్స్ అనే డిక్షనరీలో దాచుకుంటుంది. రెండోసారి అడిగితే ఫైల్ జోలికి పోకుండా అక్కడినుంచే తీసి ఇస్తుంది. కాబట్టి పది ఫైళ్లలో ఒకే మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేస్తే పది కాపీలు అవుతాయేమో, నెమ్మదిస్తుందేమో అన్న భయం అక్కర్లేదు.

అయితే టెస్టింగ్ కోసం రాసుకున్న ప్రింట్ బిల్లు నడిపినప్పుడు కూడా రావడం చికాకు కదా. దానికి మందు ఇది.

    ఇఫ్ __నేమ్__ == "__మెయిన్__":
        ప్రింట్(లెక్కించు(1000))

ఫైల్‌ను నేరుగా నడిపితే దాని __నేమ్__ విలువ "__మెయిన్__" అవుతుంది, ఇంకొకరు ఇంపోర్ట్ చేస్తే ఫైల్ పేరే అవుతుంది. అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు, ఒక్కోటి కాదు.

జూపిటర్ నోట్‌బుక్ వాడేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. పన్ను ఫైల్‌లో మార్పు చేసి సేవ్ చేస్తారు, సెల్‌ను మళ్లీ నడుపుతారు, పాత ఫలితమే వస్తుంది. దాచుకున్నదాన్నే ఇచ్చింది కాబట్టి. కెర్నల్ రీస్టార్ట్ చేయడం అన్నిటికన్నా నమ్మకమైన దారి. ఇంపోర్ట్‌లిబ్‌లోని రీలోడ్ ఫంక్షన్ కూడా ఉంది, కానీ ముందే ఫ్రమ్‌తో తెచ్చుకున్న పేర్లు దానితో మారవు, పాతవాటినే పట్టుకుని ఉంటాయి. ఫోల్డర్‌లో పుట్టే పైకాష్‌ను (పైథాన్ కంపైల్ చేసి దాచుకునే కాపీల ఫోల్డర్) తుడిచేయమని చాలామంది సలహా ఇస్తుంటారు. సోర్స్ ఫైల్ మారితే పైథాన్ దాన్ని తనంతట తానే కొత్తగా రాసుకుంటుంది. తుడిస్తే నష్టం లేదు, లాభమూ దాదాపు ఉండదు.

5. పైథాన్ ఎక్కడెక్కడ వెతుకుతోందో చూడండి

బిల్లు ఫైల్ పైన ఇది పెట్టి నడపండి.

    ఇంపోర్ట్ సిస్
    ప్రింట్(సిస్.పాథ్)

ఒక లిస్టు వస్తుంది. పైథాన్ దానిలో మొదటినుంచి వరుసగా వెతికి, ఆ పేరుతో దొరికిన మొదటిదాన్ని తీసుకుంటుంది, తర్వాత ఇంకా మంచిది ఉందేమో అని చూడదు. మొదటి స్థానంలో ఉండేది మీరు నడిపిన ఫైల్ ఉన్న ఫోల్డర్. టెర్మినల్‌లో మీరు నిలబడ్డ ఫోల్డర్ కాదు. మైనస్ ఎమ్‌తో (ఆరో అడుగులో చూస్తాం) నడిపితే మాత్రం మీరు నిలబడ్డ ఫోల్డరే మొదట వస్తుంది. ఈ ఒక్క తేడా తెలియకనే "నా సిస్టమ్‌లో పనిచేసింది, సర్వర్‌లో చేయలేదు" అన్న గోల సగం పుడుతుంది.

మీ ఫోల్డరే ముందు కాబట్టి ఒక ఉచ్చు ఉంది. రాండమ్ మాడ్యూల్ నేర్చుకుంటూ మీ ఫైల్‌కు కూడా ఇంగ్లీషులో రాండమ్ అనే పేరు పెట్టారనుకోండి. లోపల ఇంపోర్ట్ రాండమ్ అని రాసి రాండ్‌ఇంట్ పిలిస్తే యాట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. పైథాన్ తనతో వచ్చిన రాండమ్‌ను కాక మీ ఫైల్‌నే తెచ్చింది. ఈమెయిల్, క్యాలెండర్, టోకెన్, కోడ్ అన్న పేర్లతోనూ ఇదే జరుగుతుంది. కొన్నిసార్లు ఇంకా వింతగా, మీరు వాడిన లైబ్రరీ లోపల ఎక్కడో ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ఆ లైబ్రరీ కూడా మీ ఫైల్‌నే పట్టుకుంది. 3.13లో అయితే ఫైల్ పేరు మార్చుకోమని పైథానే చెబుతుంది.

పేరు పెట్టే ముందు చూసుకోవాలంటే సిస్.ఎస్‌టీడీలిబ్_మాడ్యూల్_నేమ్స్‌లో ఆ పేరు ఉందేమో వెతకండి. ఇది 3.10నుంచి ఉంది. అయితే ఎన్ని మెసేజ్‌లు చదివినా అర్థం కానప్పుడు నేను ముందుగా చేసేది ఒక్కటే:

    ప్రింట్(పన్ను.__ఫైల్__)

పైథాన్ నిజంగా ఏ ఫైల్‌ను లోడ్ చేసిందో పూర్తి దారితో చూపిస్తుంది. మీరు అనుకున్నది, అది లోడ్ చేసినది వేరు వేరని తేలితే సమస్య దొరికినట్టే.

ఒక హెచ్చరిక. ఎర్రర్ రాగానే సిస్.పాథ్‌కు అపెండ్ చేసి ఏదో ఫోల్డర్ చేర్చేయమనే సలహా ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. పని జరుగుతుంది, కాదనను. కానీ ఆ దారి మీ మెషీన్‌లోనే ఉంటుంది. ఆరో అడుగు సరిగ్గా చేస్తే ఆ అవసరం రాదు.

6. ఫైళ్లు పెరిగితే ఫోల్డర్‌లో పెట్టండి

"దుకాణం" అనే ఫోల్డర్ పెట్టి పన్ను, బిల్లు ఫైళ్లను అందులోకి మార్చండి. __ఇనిట్__ అనే ఖాళీ ఫైల్ కూడా అందులో పెట్టండి. ఇప్పుడు దుకాణం ఒక ప్యాకేజీ. బిల్లు ఫైల్‌లో పై లైన్ ఇలా మారుతుంది.

    ఫ్రమ్ . ఇంపోర్ట్ పన్ను

ఇక్కడ చుక్క అంటే "నేనున్న ఈ ప్యాకేజీలోంచే" అని అర్థం. రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు పైకి.

ఇప్పుడు ఎప్పటిలాగే బిల్లు ఫైల్‌ను నేరుగా నడపండి. పేరెంట్ ప్యాకేజీ తెలియకుండా రిలేటివ్ ఇంపోర్ట్ ప్రయత్నించారన్న ఇంపోర్ట్ ఎర్రర్ వస్తుంది. అందరూ తల పట్టుకునేది దీని దగ్గరే. ఫైల్‌ను నేరుగా నడిపినప్పుడు దానికి "నేను దుకాణంలో ఉన్నాను" అన్న సంగతి తెలియదు, తన పేరు __మెయిన్__ అని మాత్రమే తెలుసు. చుక్కకు అర్థం ఎక్కడినుంచి వస్తుంది?

సరైన పద్ధతి: దుకాణం ఫోల్డర్ బయటికి రండి, అంటే ఆ ఫోల్డర్ పేరు కనిపించే చోటికి. అక్కడినుంచి

    పైథాన్ -ఎమ్ దుకాణం.బిల్లు

అని కొట్టండి. స్లాష్ కాదు, చుక్క. చివర డాట్ పీవై ఉండకూడదు. ఇప్పుడు పనిచేస్తుంది.

చుక్కలు నచ్చకపోతే "ఫ్రమ్ దుకాణం ఇంపోర్ట్ పన్ను" అని పూర్తి పేరు రాయొచ్చు. అప్పుడూ మైనస్ ఎమ్‌తోనే నడపాలి, లేదంటే దుకాణం అనే పేరే దొరకదు. రెండూ సరైనవే, ఒక ప్రాజెక్టులో మాత్రం ఒకటే పద్ధతి పాటించండి.

__ఇనిట్__ లేకపోయినా పనిచేస్తోంది కదా అని అడుగుతారు. నిజమే, 3.3నుంచి ఆ ఫైల్ లేని ఫోల్డర్‌ను కూడా పైథాన్ ఒక రకమైన ప్యాకేజీగా ఒప్పుకుంటోంది. ఆ మినహాయింపు వల్లే ఒక దొంగ తప్పు పుడుతుంది: రెండేసి అండర్‌స్కోర్ల బదులు ఒక్కోటే పెట్టి ఫైల్ సేవ్ చేస్తారు. ఎర్రర్ ఏమీ రాదు. కానీ అందులో రాసిన కోడ్ ఎప్పటికీ నడవదు. అందుకే ఆ ఫైల్‌లో ఒకసారి ప్రింట్ పెట్టి అది నడుస్తోందని చూసుకుని, తర్వాత తీసేయండి.

ఇక్కడే ఇంకో తరచు ప్రశ్న. "ఇంపోర్ట్ దుకాణం" అని రాసి దుకాణం.పన్ను అంటే యాట్రిబ్యూట్ ఎర్రర్ ఎందుకు? ప్యాకేజీని ఇంపోర్ట్ చేస్తే దాని __ఇనిట్__ మాత్రమే నడుస్తుంది, లోపలి ఫైళ్లు వాటంతట అవి లోడ్ కావు. "ఇంపోర్ట్ దుకాణం.పన్ను" అని రాయాలి. తమాషా ఏమిటంటే, మీ ప్రోగ్రామ్‌లో ఇంకెక్కడో ఎవరో దుకాణం.పన్నును ఇంపోర్ట్ చేసి ఉంటే మీ తప్పు లైన్ కూడా పనిచేసేస్తుంది. ఆరు నెలల తర్వాత వాళ్లు ఆ లైన్ తీసేస్తారు, ముట్టుకోని మీ ఫైల్ విరుగుతుంది. కాబట్టి మీకు కావాల్సినది మీ ఫైల్‌లోనే ఇంపోర్ట్ చేసుకోండి, అప్పటికే వచ్చి ఉంది కదా అని వదిలేయకండి.

7. ఏది బయటివాళ్లకు, ఏది లోపలికి

జావా, సీ ప్లస్ ప్లస్ నేర్చుకుని వచ్చినవాళ్లు ప్రైవేట్ ఎలా పెట్టాలని అడుగుతారు. పైథాన్‌లో తాళం లేదు. పేరు ముందు ఒక్క అండర్‌స్కోర్ పెట్టడమంటే తలుపు లేని గదికి "లోపలికి రావద్దు" అని బోర్డు తగిలించినట్టు. పన్ను ఫైల్‌లో _సవరించు అనే ఫంక్షన్ రాసి చూడండి. స్టార్ ఇంపోర్ట్‌లో అది రాదు. కానీ పన్ను._సవరించు అని పిలిస్తే పలుకుతుంది, ఫ్రమ్‌తో పేరు పెట్టి అడిగినా వస్తుంది. బోర్డును గౌరవించడం మనవంతు: ఇంకొకరి లైబ్రరీలో అండర్‌స్కోర్ పేర్లు వాడితే, తర్వాతి వెర్షన్‌లో అవి మాయమైనా అడిగే హక్కు మీకు లేదు.

బయటికి ఇచ్చే పేర్ల జాబితా స్పష్టంగా రాయాలంటే ఫైల్ పైన:

    __ఆల్__ = ["లెక్కించు"]

ఇది ఉంటే స్టార్ ఇంపోర్ట్‌లో ఈ జాబితాలోవి మాత్రమే వస్తాయి. పేర్లు కొటేషన్లలో ఉండాలి. లేని పేరు రాస్తే స్టార్ ఇంపోర్ట్ చేసినప్పుడు ఎర్రర్ వస్తుంది, అప్పటిదాకా బయటపడదు. జాబితాలో లేని పేర్లను చుక్కతో అందుకోవడాన్ని మాత్రం ఇది ఆపదు.

క్లాసు లోపల పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే జరిగేది వేరు. ఖాతా అనే క్లాసులో సెల్ఫ్.__నిల్వ అని రాస్తే పైథాన్ దాన్ని _ఖాతా__నిల్వ అని మార్చి దాచుకుంటుంది. బయటినుంచి __నిల్వ అని అడిగితే యాట్రిబ్యూట్ ఎర్రర్, మార్చిన పేరుతో అడిగితే విలువ వచ్చేస్తుంది. దీని ఉద్దేశం రహస్యం దాచడం కాదు, ఒక క్లాసునుంచి పుట్టిన మరో క్లాసులో అదే పేరు పెట్టినప్పుడు రెండూ ఢీకొనకుండా చూడడం. పాస్‌వర్డ్ దాచడానికి దీన్ని వాడేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

ప్యాకేజీ అయితే __ఇనిట్__ ఫైల్‌లో "ఫ్రమ్ .పన్ను ఇంపోర్ట్ లెక్కించు" అని రాయండి. వాడేవాళ్లు "ఫ్రమ్ దుకాణం ఇంపోర్ట్ లెక్కించు" అంటే చాలు. రేపు పన్ను ఫైల్‌ను మీరు రెండు ముక్కలు చేసినా వాళ్ల కోడ్ మారదు. నిజంగా ఉపయోగపడే దాపరికం ఇదే.

8. రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటే

బిల్లు ఫైల్ పన్నునుంచి ఒక పేరు తెచ్చుకుంటోంది, పన్ను ఫైల్ బిల్లునుంచి ఒకటి తెచ్చుకుంటోంది. "పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్" అన్న మాటలు ఎర్రర్‌లో కనిపిస్తే ఇదే కేసు అనుకోండి (పేర్ల గొడవ కూడా కావొచ్చు, ముందు ఐదో అడుగు చూడండి). ఒక ఫైల్ సగం నడిచి ఆగి ఉండగా రెండోది వచ్చి ఇంకా పుట్టని పేరు అడిగింది.

మందులు, నాకు నచ్చిన వరుసలో:

- ఇద్దరికీ కావాల్సినదాన్ని మూడో ఫైల్‌లోకి మార్చి, ఇద్దరూ దాన్నుంచి తెచ్చుకోవడం. కాస్త శ్రమే, కానీ తెగిపోయే సమస్య.
- ఫ్రమ్ బదులు ఇంపోర్ట్ పన్ను అని రాసి, ఫంక్షన్ లోపల చుక్కతో వాడుకోవడం. ఫంక్షన్‌ను పిలిచే వేళకు రెండు ఫైళ్లూ పూర్తిగా నడిచి ఉంటాయి కాబట్టి పేరు దొరుకుతుంది.
- ఇంపోర్ట్ లైన్‌నే ఫంక్షన్ లోపలికి మార్చడం. అర్జెంటుగా పని కావాలంటే సరే.

ఇంపోర్ట్ లైన్ల వరుస అటూ ఇటూ మార్చి పనిచేసిందని ఊరుకోకండి. ఎడిటర్ వాటిని అక్షర క్రమంలో సర్దేసిన రోజు మళ్లీ వస్తుంది.

9. ఇన్‌స్టాల్ చేసినా దొరకడం లేదంటే

మొదటి అనుమానం: ఇన్‌స్టాల్ చేసిన పేరు, ఇంపోర్ట్ చేసే పేరు ఒకటి కాకపోవచ్చు. పిల్లో ఇన్‌స్టాల్ చేసి పీఐఎల్ అని (మూడూ పెద్ద అక్షరాలే) ఇంపోర్ట్ చేయాలి. సైకిట్-లెర్న్‌ను ఎస్‌కేలెర్న్ అని, బ్యూటిఫుల్‌సూప్4ను బీఎస్4 అని, ఓపెన్‌సీవీ-పైథాన్‌ను సీవీ2 అని, పైయామెల్‌ను యామెల్ అని.

రెండో అనుమానం: మెషీన్‌లో రెండు పైథాన్లు ఉన్నాయి, పిప్ ఒకదానిలో వేసింది, మీ ఫైల్ ఇంకొకదానిలో నడుస్తోంది. ఫైల్ లోపల సిస్.ఎగ్జిక్యూటబుల్‌ను ప్రింట్ చేయండి. టెర్మినల్‌లో "పైథాన్ -ఎమ్ పిప్ --వెర్షన్" కొట్టి, అది చూపించే దారితో పోల్చండి. ఇకపై ఉత్త పిప్ అని కాకుండా "పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్" అనే అలవాటు చేసుకోండి, ఏ పైథాన్‌తో నడుపుతారో దానిలోనే పడుతుంది. వీఎస్ కోడ్ వాడేవాళ్లు కింది మూల కనిపించే ఇంటర్‌ప్రెటర్ పేరు కూడా చూసుకోండి. కొత్త ఉబుంటులో సిస్టమ్ పైథాన్‌లో ఇన్‌స్టాల్ చేయనివ్వకపోతే బలవంతం చేయకుండా వెన్వ్ (ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్) పెట్టుకోండి.

అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

దుకాణం ఫోల్డర్ బయట నిలబడి టెర్మినల్‌లో పైథాన్ తెరవండి. ఇవి వరుసగా కొట్టండి.

- ఇంపోర్ట్ దుకాణం.పన్ను: ఏమీ రాకుండా ప్రాంప్ట్ తిరిగి రావాలి. ఏదైనా ప్రింట్ అయితే నాలుగో అడుగులోని ఇఫ్ పెట్టడం మరిచారు.
- దుకాణం.పన్ను.__ఫైల్__: మీ ఫోల్డర్ దారే రావాలి.
- దుకాణం.__ఫైల్__: __ఇనిట్__ ఫైల్ దారి రావాలి. ఏమీ రాకపోయినా, ఎర్రర్ వచ్చినా ఆ ఫైల్ లేదు, లేదా పేరు తప్పు.
- డిర్(దుకాణం.పన్ను): బయటికి ఏ పేర్లు కనిపిస్తున్నాయో చూపిస్తుంది. అక్కడ మీరు ఊహించని పేరు ఉంటే అది ఎలా వచ్చిందో వెతకండి, ఎక్కడో ఒక స్టార్ దొరుకుతుంది.

ఇంకా తేలకపోతే పైథాన్‌ను మైనస్ వీతో నడపండి. ఏ మాడ్యూల్‌ను ఎక్కడినుంచి లోడ్ చేస్తోందో లైను లైనుగా చెబుతుంది. చాలా పొడుగ్గా వస్తుంది, ఫైల్‌లోకి మళ్లించి అందులో మీ మాడ్యూల్ పేరు వెతుక్కోండి. ప్రోగ్రామ్ మొదలవడానికే ఆలస్యమవుతుంటే "-ఎక్స్ ఇంపోర్ట్‌టైమ్" పెట్టి నడపండి (ఎక్స్ మాత్రం పెద్ద అక్షరం), ఏ ఇంపోర్ట్ ఎంత సేపు తింటోందో మైక్రోసెకన్లలో చూపిస్తుంది. ఇది 3.7నుంచి ఉంది.

సహాయం అడగాల్సి వస్తే ఎర్రర్ చివరి లైన్ ఒక్కటే పంపకండి. ట్రేస్‌బ్యాక్ మొత్తం, మీరు కొట్టిన కమాండ్, ఏ ఫోల్డర్‌లోంచి కొట్టారు, ఫోల్డర్‌లో ఏ ఫైళ్లున్నాయి, ఈ నాలుగూ పంపండి. అవి రాసుకుంటుండగానే చాలామందికి జవాబు కనిపిస్తుంది.